క్యాసెట్టు రెండో వైపు

కిందటి వారం సత్యదుర్గను బట్టలుతికే గది గుమ్మంలో, చంకన ఇస్త్రీ బట్టల బుట్టతో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆ పిల్ల ఆ బుట్ట దించలేదు. ఇవాళ దింపిస్తాను. ఆ తరవాత మాత్రం నా పూచీ లేదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. సత్యదుర్గది అమలాపురం దగ్గర పల్లె. వయసు పాతిక. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి గల్ఫు పంపడానికి మన సర్కారు ఆఫీసులో ముద్ర వెయ్యరు. అందుకని ఏజెంటు ఆమెకు ఇంకొకరి పాస్‌పోర్టు ఇచ్చాడు. మార్చింది ఫొటో ఒక్కటే. పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, పుట్టిన తేదీ, ఆఖరికి వేలిముద్ర కూడా నరసాయమ్మ అనే మనిషివి. "ఆవిడ పోయిందమ్మా పాపం. పేరు ఖాళీగా ఉంది" అన్నాడు, అద్దెగది చూపించినట్టు. అలా ఏడాది నుంచీ బహ్రెయిన్‌లో ఈ ఇంట్లో ఆమె నర్సా. ఇంటివాళ్లకు తెలియదా అంటే తెలుసు. వాళ్లకు కావలసింది నర్సా. ఏ నర్సా అయినా ఫరవాలేదు.

జూలైలో ఇంటివాళ్లు ఎండ తప్పించుకోవడానికి వియన్నా వెళ్తూ, ఆ ఇంటి ముసలావిడ పెద్దమేడం చక్రాల కుర్చీ తొయ్యడానికి ఆమెను కూడా తీసుకుపోయారు. నెల ఉండి వచ్చారు. ఇక ఇవాళ, తొంభై ఆరు సెప్టెంబరులో ఓ గురువారం మధ్యాహ్నం, ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన లోవరాజు అనే తెలుగు మనిషి, మేడం "నర్సా" అని కేకేయడం విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. సత్యదుర్గ భయంలో పాఠం అప్పజెప్పేసింది. పేరు నరసాయమ్మ, తండ్రి అప్పలకొండ, తల్లి పైడితల్లి, ఊరు తుని పక్కన పెదరామవరం. ఎవరడిగినా తడుముకోకుండా చెప్పాలని విమానం ఎక్కేదాకా ఏజెంటు బట్టీ పట్టించిన పాఠం అది. వాడు నేర్పనిది ఒకటే. ఆ అప్పలకొండ కొడుకే ఎదురుగా నిలబడి అడిగితే ఏం చెయ్యాలో నేర్పలేదు.

లోవరాజు చేతిలో స్పానరు జారి కింద పడింది. అక్కడ ఆగాం.

"మళ్లీ సెప్పు" అన్నాడు.

సత్యదుర్గ బుట్ట దించింది.

"సెప్పమ్మా. ఎక్కాలు ఒప్పజెప్పినట్టు గడగడా సెప్పేవు కదా. మా అయ్య పేరు పరాయి నోట ఇంకోసారి ఇనాలనుంది."

"తప్పైపోయిందండి."

"తుని మనిషివి, మాట మాటకీ ఆ అండి ఏటి?"

ఇల్లంతా నిద్రలో ఉంది. బహ్రెయిన్‌లో సెప్టెంబరు రెండు గంటల ఎండంటే వీధిలో పిల్లి కూడా ఉండదు. మేడ మీద పిల్లలు, మేడం, పెద్దమేడం తలుపులు వేసుకుని పడుకున్నారు. వంటింటి వెనక ఈ గదికి ఏసీ లేదు. లోవరాజు విప్పదీసిన వంటింటి ఏసీ మోటారు గుమ్మం బయట గుల్లగా పడి ఉంది. చప్పుడు లేని మధ్యాహ్నం అర్ధరాత్రి కంటే భయపెడుతుంది. రాత్రయితే దీపమన్నా వేసుకోవచ్చు.

"మా అప్ప ఏది?" అన్నాడు లోవరాజు, గొంతు తగ్గించి.

"పోయిందని చెప్పాడండి ఏజెంటు."

"ఏ ఊళ్లో పోయింది? ఏ రోగంతో పోయింది? దినం ఎవరు సేసేరు? తోడబుట్టినోణ్ణి నేను బతికుండగా మా అప్ప సచ్చిపోయినట్టు ఏజెంటుకొక్కడికే తెలిసిందా? మాకేటి సెప్పేడో తెలుసా? పనిలో ఉంది, ఫోను సెయ్యనివ్వరు, అన్నాడు. మా అమ్మ ఆ మాట నమ్ముకునే పోయింది. పది నెలలైంది."

"నాకు తెలీదండి. మా అమ్మతోడు."

"ఏ అమ్మతోడు? మా అమ్మా, మీ అమ్మా?"

అతను స్పానరు తీసి సంచిలో వేశాడు. "ఎల్లుండి శనివారం. ఎంబసీ తెరిసే యేళకి గేటు కాడుంటాను. మా అప్ప పేరు మీద ఎవత్తో తిరుగుతోంది, పట్టుకు అడగండని సెప్తాను."

"నన్ను జైల్లో పెట్టేస్తారండి."

"పెట్టనీ. జైల్లో ఉన్న మనిషికి ఓ నంబరుంటాది. ఫలానా గదిలో ఉందని సెప్తారు. మా అప్పకి అది కూడా నేదు."

ఆమె అతని సంచి పట్టుకుంది. కాళ్లు పట్టుకుంటే విదిలించుకునేవాడేమో, సంచి పట్టుకునేసరికి అతను ఆగిపోయాడు.

"ఆవిడ వియన్నా వెళ్లిందండి. ఈ ఇంటోళ్లతోనే, రెండేళ్ల కిందట. పాస్‌పోర్టులో పాత ముద్రుందండి. అక్కడి ఎయిర్‌పోర్టాయన అది చూసి నవ్వి, మళ్లీ వచ్చావా అన్నట్టు తలూపాడండి. నాకప్పుడు తెలిసింది. మేడాన్ని అడిగాను."

"ఏటంది?"

"ఖలాస్ అందండి. అంతే. ఇంక ఆ మాట ఎత్తొద్దంది."

లోవరాజు సంచి అడుగునుంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన క్యాసెట్టు తీశాడు. పైన అంటించిన కవరు ముక్క మీద తెల్ల జుత్తు పెద్దమనిషి బొమ్మ ఉన్న పరదేశపు తపాలా బిళ్లలు.

"ఇది ఆడ నుంచే వచ్చింది. మా అప్ప గొంతు. ముందు నువ్వు సూసిందంతా సెప్పు. తరవాత ఇది పెడతాను. ఒక్కటి దాసినా నాకు తెలిసిపోద్ది."

సత్యదుర్గ చెప్పింది. ఇస్త్రీ బల్లకు ఆనుకుని, ముందు తడుముకుంటూ, తరవాత తనకే ఆ ఊరు కళ్ల ముందుకొచ్చి ఆగకుండా చెప్పింది. నెల తిరిగి వచ్చిన ఊరి గురించి ఇంతవరకూ ఆమెను అడిగినవాళ్లు లేరు. పనిమనిషి కూడా ఊరు చూస్తుందని ఎవరికి తోస్తుంది!

రోజూ పొద్దున్నే కుర్చీ తోసుకుంటూ తోటలకు పోవడమే ఆమె డ్యూటీ. బహ్రెయిన్‌లో ఒక చెట్టు బతకాలంటే నీళ్ల ట్యాంకరు రావాలి. అక్కడ అడగకుండానే చెట్లు. ఒక్కో చెట్టు కింద ఒక కుటుంబం కాపరం పెట్టొచ్చు. రాజుగారి తోటలో అయితే చెట్లను గోడల్లా చెక్కేశారు, మంగలి గీసినట్టు. పచ్చగడ్డి మీద ఆడా మగా సగం బట్టలతో పడుకుని పుస్తకాలు చదువుకుంటూ ఉంటే, అయ్యగారు అటు చూడకుండా ఉండటానికి మెడ పట్టేసేంత పనయ్యేది. ఒక తోటలో ఫిడేలు వాయించే బంగారు మనిషి బొమ్మ. అతని ముందు కుటుంబమంతా వరసగా నిలబడితే ఫొటో తీసింది సత్యదుర్గే. ఆ ఊళ్లో ఆమె ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

తిండి దగ్గర ఆమెకు వేరే బల్ల. మాంసాన్ని అప్పడంలా సాగగొట్టి, రొట్టెపొడి అద్ది వేయించి, పళ్లెం దాటిపోయేంత ముక్క పెడతారు. అయ్యగారు ప్రతిసారీ ఏ జంతువని రెండుసార్లు అడిగేవారు. యాపిల్ ముక్కల్ని కాగితమంత పల్చటి పిండిలో చుట్టి కాల్చిన వంటకం ఒకటి తిన్నప్పుడు మాత్రం ఆమెకు ఏడుపొచ్చింది. ఆత్రేయపురం పూతరేకులు గుర్తొచ్చాయి. కాఫీ అడిగితే వెండి పళ్లెంలో పెట్టి, పక్కన గ్లాసుడు మంచినీళ్లు తెస్తారు. పనిమనిషికి కూడా తెస్తారు. గొప్ప సంగతే మరి.

వీధుల్లో పాతకాలం రాజోద్యోగుల వేషాలేసుకుని, తెల్లటి విగ్గులు పెట్టుకుని పాటకచేరీ టికెట్లు అమ్ముతారు. ఇంటివాళ్లు లోపలికి పోయినప్పుడు ఆమె మడతేసిన కుర్చీ పట్టుకుని మెట్ల మీద కూచునేది. కిటికీలోంచి ఫిడేళ్లు వినిపించేవి. ఎవరూ మాట్లాడకుండా అన్నీ కలిసి ఏడుస్తున్నట్టుండేది.

"తోట గురించి సెప్పు. గులాబీల తోట" అన్నాడు లోవరాజు ఉన్నట్టుండి.

ఆ తోట సంగతి ఆమె చెప్పనే లేదు. కాసేపు అతని మొహం చూసి చెప్పింది.

ఆ తోటకు మొదటిరోజు పెద్దమేడమే వేలుతో దారి చూపించింది. గులాబీలు మనిషెత్తు. ఒక్కో మొక్కకు ఒక్కో పేరు రాసిన రేకు కట్టి ఉంది. అన్ని పేర్లవతల, చిన్న గుంటలో నీళ్ల పక్కన ఒక బెంచీ. కుర్చీ అక్కడ ఆపగానే పెద్దమేడం వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూసి, "ఐస్‌క్రీం తేవడానికి ఇంతసేపా?" అంది.

"ముసల్దానికి మతి నేదు" అన్నాడు లోవరాజు.

"లేదండి. మేడం కూడా అదే అన్నారు. నేను మాత్రం పరిగెత్తుకెళ్లి బండాయన దగ్గర ఒక ఐస్‌క్రీం అడిగాను. వేలు కూడా చూపించాను, ఒకటని. ఆయన నా వెనక్కి చూసి రెండిచ్చాడండి."

"రెండోది?"

"తిరిగి చూశాను. ఎవరూ లేరు. చేతిలోనే కరిగిపోయింది."

అంతా చెప్పానంది సత్యదుర్గ. ఒకటి చెప్పలేదు.

అది ఆఖరి రోజు సంగతి. చలిగాలి. మేడం ఇచ్చిన పాత ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని, మోచేతి దగ్గర చిరుగు దాచుకుంటూ సత్యదుర్గ ఆ బెంచీ మీద కూచుంది. అవతలి కొసన ఎప్పుడొచ్చిందో ఒకావిడ. మన రంగు, మన జడ. ఒళ్లో గుడ్డ కప్పిన పెట్టె ఏదో ఉంది. ఆవిడ ఇటు తిరిగి ఏదో అనబోయింది. దొంగ పాస్‌పోర్టు మనిషికి తెలుగు మొహం కంటే భయం ఏముంటుంది? సత్యదుర్గ మొహం తిప్పేసుకుని, కుర్చీ తోసుకుంటూ, గులాబీల్లోంచి బయటపడేదాకా వెనక్కి చూడలేదు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఇస్త్రీ చేసుకుంటూ వినడానికి ఆ గదిలో పాత టేప్‌రికార్డరు ఒకటుంది. లోవరాజు క్యాసెట్టు అందులో పెట్టాడు.

గోదావరి జిల్లాల నుంచి గల్ఫు పోయిన ఆడవాళ్లలో ఉత్తరం రాయడం వచ్చినవాళ్లు తక్కువ. క్యాసెట్టే ఉత్తరం. దానికో పద్ధతుంది. మొదటి వైపు వెళ్లినవాళ్లది. రెండో వైపు ఖాళీగా వదలాలి, అది ఇంటి దగ్గరున్నవాళ్ల జవాబు కోసం. జవాబు ఎవరికి చెప్పారో వాళ్లే వినాలి. మోసుకొచ్చిన మనిషి కూడా వినకూడదు.

కరకర. తరవాత ఒక ఆడగొంతు, నవ్వుతున్నట్టు.

"అమ్మా, నానే. నరసాయమ్మని. తమ్ముడూ, లోవా, బాగున్నావా? నానిప్పుడు బహరీను కాదు, దానికంటే శానా దూరంలో ఉన్నాను. తోటలో కూసున్నాను. ఇక్కడ గులాబీ మొక్కకి కూడా పేరు రేకు కట్టేరే అమ్మా. ఎన్ని పేర్లో. మన పేరు నేదు. యాపిలుకాయని పిండిలో సుట్టి పెడతారు, నీకు తేవాలనుంది, పాడైపోద్దేమో..."

లోవరాజు కళ్లు మూసుకున్నాడు. సత్యదుర్గకు మాత్రం చెమట చల్లబడింది. ఆ గొంతు తను చెప్పిన దారినే నడుస్తోంది. రాజుగారి తోట, బంగారు మనిషి, కాఫీ పక్కన మంచినీళ్లు. ఒకే కుర్చీని ఇద్దరూ తోశారు మరి, దారి ఒకటే అవుతుంది. ఆమె అలా సర్దిచెప్పుకుంది. తరవాతి మాట వచ్చేదాకానే.

"అమ్మా, ఈ బెంచీ ఆ కొసన ఎవత్తో కూసున్నాదే. మన మనిషిలాగే ఉంది. దానికాడా సక్రాల కుర్చీ ఉంది. పచ్చ సొట్టరేసుకుంది. మోసేతి కాడ సిరుగు. కుట్టుకోడానికి సూదైనా నేదేమో పాపం. ఉండు, పలకరిత్తాను. ఏమ్మా... ఏమ్మాయ్... అయ్యో. మొకం తిప్పీసుకుని ఎల్లిపోతందే."

సత్యదుర్గ చెయ్యి దానంతటదే మోచేతి మీదికి పోయింది. అక్కడ స్వెట్టరు లేదు. అది మేడ మీద బీరువాలో ఉంది. చిరుగు ఇంకా కుట్టలేదు.

"ఇది ఎప్పుడొచ్చిందండి మీకు?" అంది.

"తొంభై నాలుగులో. దసరాల ముందు."

తొంభై నాలుగు దసరాలకు సత్యదుర్గ ఊళ్లో కొబ్బరి పీచు తీస్తోంది. ఏజెంటు మొహం కూడా చూడలేదు.

క్యాసెట్టులో నరసాయమ్మ అంటోంది: "ముసలమ్మ ఐస్‌క్రీం అంటంది. తెచ్చిచ్చి వత్తాను. ఈ పెట్టి ఇక్కడే ఉంచుతున్నాను, ఎవరూ తియ్యర్లే. ఉండండే."

అడుగుల చప్పుడు దూరమైంది. ఆ తరవాత మాటల్లేవు. నీళ్లు. పిట్టలు. దూరంగా గుర్రాల డెక్కలు. ఎక్కడో గంట కొట్టారు. ఒక ముసలి గొంతు అరబ్బీలో రెండుసార్లు పిలిచింది, "నర్సా... నర్సా..." అని. ఎవరూ పలకలేదు. మళ్లీ నీళ్లు. ఎండిపోయిన ఈ గదిలో ఆ నీళ్ల చప్పుడు నిండిపోయింది.

"ఆకరిదాకా ఇంతే" అన్నాడు లోవరాజు. "మా అమ్మ రోజూ ఇదే పెట్టుకునేది. మాటలు కాదు, ఈ నీళ్లే ఇనేది. పెట్టి బెంచీ మీద వదిలేసి మనిషెల్లిపోతే, క్యాసెట్టు తీసి మాకు పంపిందెవరు? కవరు మీద ఇంగ్లీషులో మా ఊరి పేరు ఎవరు రాసేరు? మా అప్పకి సంతకం కూడా రాదు."

సత్యదుర్గ మీట నొక్కి టేపు ఆపింది. ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ పచ్చ స్వెట్టరు నాదండి."

"ఏటి?"

"మేడం ఇచ్చింది. మొన్న జూలైలో వేసుకున్నాను. ఆ బెంచీ మీద. ఆవిడ పలకరించబోయింది. నేనే మొహం తిప్పేసుకున్నాను."

లోవరాజు ఆమెను చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు ధైర్యంగా ఉండేది. "మొన్నటి జూలై" అన్నాడు మెల్లగా. "ఈ క్యాసెట్టొచ్చి రెండేళ్లు. నీకు ఎండదెబ్బ తగిలిందో, నాకు తగిలిందో." మళ్లీ అతనే, "ఎలాగుంది? మా అప్ప... బాగుందా?" అన్నాడు.

"బాగుందండి. నవ్వింది."

అతను మొహం అటు తిప్పుకున్నాడు. కాసేపటికి చెయ్యి చాచి క్యాసెట్టు తీసి, రెండో వైపు పైకి తిప్పి పట్టుకున్నాడు.

"ఇది మా అమ్మ జవాబు. ఆ కార్తీకంలో తలుపేసుకుని ఒక్కత్తే కూసుని మాటాడింది. నన్ను కూడా ఉండనియ్యనేదు. పోయేముందు నా సేతికిచ్చి, నరసాయమ్మ పేరున్న మనిషికివ్వు, నువ్వు ఇనకు అంది. ఎనిమిది నెల్లుగా ఈ దేశంలో ప్రతి గడపకీ ఏసీ వంకన తిరుగుతున్నాను. మనామా, జిదాఫ్స్, ఎక్కడ తెలుగు మాట ఇనబడితే అక్కడ ఆగేను. ఇంతకాలానికి ఆ పేరున్న మనిషి దొరికింది." నవ్వబోయి మానేశాడు. "నువ్వే. ఇంకెవరూ నేరు. పెట్టు."

"అది ఆవిడకండి. నాక్కాదు."

"పేరు తీసుకున్నావు కదా. జవాబు కూడా తీసుకో. ఇంటే ఎంబసీ సంగతి ఆలోసిత్తాను. ఇనకపోతే శనివారం గేటు కాడుంటాను."

బేరం కుదిరింది. అది బేరమని ఇద్దరికీ తెలుసు. అతను గుమ్మం దాటి, చెవులు మూసుకోకుండా, అటు తిరిగి నిలబడ్డాడు. సత్యదుర్గ మీట నొక్కింది.

చాలాసేపు ఏమీ లేదు. ముసలి ఊపిరి. ఎక్కడో కోడి. గాజు గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తరవాత పైడితల్లి గొంతు, చల్లగా, పొరుగింటి పిల్లను పిలిచినట్టు:

"అమ్మా సత్యదుర్గా. ఇంటన్నావా? మా పిల్ల నిన్ను పలకరిద్దావని లేచింది. నువ్వు మొకం తిప్పీసుకున్నావు. సర్లే, భయమేసుంటాది. ఇప్పుడు పరిగెత్తకు. నీతో మాటుంది. ఆ ముసల్ది పిలిత్తే మాత్రం ఇయ్యాల పలక్కు..."

గుమ్మంలో లోవరాజు ఇటు తిరిగాడు.

"సత్యదుర్గ ఎవరు?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మేడ మీద, నిద్ర లేచిన పెద్దమేడం గంట వాయించింది. వెంటనే ఆమె గొంతు మెట్ల మీదుగా దిగి వచ్చింది.

"నర్సా! ఐస్‌క్రీం ఏది?"

సత్యదుర్గకు రెండు పేర్లు. రెండూ ఒక్కసారే పిలుస్తున్నాయి. పలకడానికి నోరు తెరిచింది. ఆమె నోట మాట రాకముందే మెట్ల మీంచి క్యాసెట్టు మొదటి వైపు గొంతు, నవ్వుతున్నట్టు, "వత్తన్నానండే" అంది.